5,300 అక్షరాల్లో ఆ అమ్మాయి ఎక్కడుంది? – ఒక పర్సనల్ స్టేట్‌మెంట్ కేస్ స్టడీ

అమెరికాలో ఒక యూనివర్సిటీలో పన్నెండేళ్లుగా ప్రీ-హెల్త్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. మెడికల్ స్కూళ్లకు అప్లై చేసే పిల్లల కోర్సులు, ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) ఎప్పుడు రాయాలి, ఎవరి దగ్గర సిఫారసు లెటర్లు తీసుకోవాలి, ఏ స్కూళ్లకు పంపాలి, ఇవన్నీ చూడటం నా పని. వీటన్నిట్లో నాకు ఎక్కువ సమయం పట్టేది పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో పిల్లలు రాసే వ్యాసం. తల్లిదండ్రులు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ అదే. అందుకే ఒక అమ్మాయి కేసు రాస్తున్నాను. ఆ అమ్మాయి, వాళ్ల అమ్మానాన్నలు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, కాలేజీ, ఆసుపత్రి చెప్పడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న చిన్న చిన్న వివరాలు మార్చాను.

మొదటి ఏడాది ఏం జరిగింది

నా దగ్గరకు వచ్చేసరికే ఆ అమ్మాయికి ఒక సైకిల్, అంటే ఒక ఏడాది అప్లై చేసే రౌండు, అయిపోయింది. జీపీఏ నాలుగుకు 3.81. ఎంక్యాట్ 513. ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది, సరిగ్గా మధ్యలో 500. కాబట్టి 513 అంటే మంచి స్కోరే. రెండేళ్లు ల్యాబ్‌లో రీసెర్చ్ చేసింది. డాక్టర్ల వెంట ఉండి షాడోయింగ్ చేసింది, వాలంటీరింగ్ చేసింది. 26 స్కూళ్లకు అప్లై చేస్తే ఒకే ఒక్క ఇంటర్వ్యూ వచ్చింది. అక్కడ వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. ఆ లిస్టు ఆమె దాకా రాలేదు.

తనతోపాటు అమ్మానాన్నలు కూడా వచ్చారు. కూర్చోగానే వాళ్ల నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న: “స్కోరు చాలలేదా మేడమ్? ఎంక్యాట్ మళ్లీ రాయిద్దామా?”

మా తరానికి అది సహజంగా వచ్చే ప్రశ్న. ఎంసెట్ ర్యాంకు వస్తే సీటు, రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్. డాక్టరు ఎందుకవుదామనుకుంటున్నావని అప్పట్లో మనల్ని ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతారు. ఎండీ స్కూళ్లకు (ఇక్కడ డాక్టరు డిగ్రీ పేరే ఎండీ) ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది సుమారు 23 వేల మంది. సగానికి పైగా పిల్లలు సీటు లేకుండా మిగిలిపోతారు. వాళ్లలో మంచి స్కోర్లున్నవాళ్లు బోలెడుమంది. మార్కులు ఫైలు తెరిపిస్తాయి. ఫైలు తెరిచాక ఈ పిల్లతో ఒక అరగంట మాట్లాడాలని చదివేవాళ్లకు అనిపించాలి కదా, ఆ పని వ్యాసం చేయాలి.

ఆ వ్యాసం గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. చాలా ఎండీ స్కూళ్లకు ఆమ్‌కాస్ అనే ఒకే అప్లికేషన్ ద్వారా వెళ్లాలి. అందులో అడిగేది ఒక్క మాటే: మెడికల్ స్కూల్‌కు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో వివరించండి. స్పేసులతో కలిపి 5,300 అక్షరాలు. ఇంగ్లీషులో సుమారు పేజీన్నర. డీఓ అనే మరో డాక్టరు డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ స్కూళ్ల అప్లికేషన్‌లో కూడా 5,300 అక్షరాలే. టెక్సస్ స్కూళ్ల అప్లికేషన్ వేరు, అక్కడ 5,000. ఒక్కో అప్లికేషన్‌లో ఒకే వ్యాసం అందులోని అన్ని స్కూళ్లకూ వెళ్తుంది. ఒకసారి సబ్మిట్ చేశాక అందులో ఒక్క అక్షరం కూడా మార్చుకోలేం.

పాత వ్యాసం

మొదటి సైకిల్‌లో పంపిన వ్యాసం ప్రింట్ తీసుకురమ్మన్నాను. 5,291 అక్షరాలు. ఇంగ్లీషులో వంక పెట్టడానికి లేదు. ముందు బంధువుల్లో ఒక డాక్టరుగారు దిద్దారట, తర్వాత డబ్బు కట్టి ఒక ఎడిటింగ్ సర్వీసుకు ఇచ్చారట.

మొదటి పేరా తాతగారి గుండెపోటు. తనకప్పుడు తొమ్మిదేళ్లు. ఐసీయూ బయట కారిడార్, మానిటర్ బీప్ శబ్దం, తలుపు తీసుకుని బయటికొచ్చిన డాక్టరు నాన్న భుజం మీద చెయ్యి వేయడం. “ఆ క్షణమే నేను డాక్టర్ కావాలని నిర్ణయించుకున్నాను.” రెండో పేరా ల్యాబ్‌లో ప్రొటీన్ల మీద పని. మూడోది ఒక కార్డియాలజిస్టు వెంట షాడోయింగ్, ఆయన కరుణ ఎంత గొప్పదో. నాలుగోది ఫ్రీ క్లినిక్‌లో వాలంటీరింగ్. చివర, సైన్సూ మానవత్వమూ కలిసేచోటు వైద్యం అనే ముగింపు.

నా దగ్గర మూడు రంగుల పెన్నులుంటాయి. వ్యాసం రాసిన పిల్లల చేతికే అవి ఇస్తాను. నువ్వు చేత్తో చేసిన పని, నువ్వు తీసుకున్న నిర్ణయం ఉన్న వాక్యాల కింద ఎర్ర గీత గీయి. వేరేవాళ్లు చేసిన పని ఉంటే నీలం గీత. నీకు ఏమనిపించింది, నువ్వు ఏం తెలుసుకున్నావు అన్నవాటికి ఆకుపచ్చ. ఆ అమ్మాయి వ్యాసంలో 38 వాక్యాలున్నాయి. ఎరుపు 7, నీలం 14, ఆకుపచ్చ 17. ఆ ఏడు ఎర్ర గీతల్లో ఐదు ల్యాబ్ పేరాలోనే ఉన్నాయి.

కాగితం తనవైపు తిప్పి, “దీని మీద నీ పేరు తీసేసి, నా దగ్గరికొచ్చే ఇంకో పిల్ల పేరు పెడితే ఎవరైనా కనిపెడతారా?” అని అడిగాను. చాలాసేపు ఆ కాగితం వంకే చూసి, కనిపెట్టరని తల అడ్డంగా ఊపింది.

తాతగారి సంగతి నిజం కాదని నేను అనలేదు. అక్షరాలా నిజం. కానీ నిజాన్ని కూడా అరువు మాటల్లో చెబితే అది అరువు కథలాగే వినిపిస్తుంది. బ్రిటన్‌లో కాలేజీ అప్లికేషన్లు చూసే యూకాస్ సంస్థ 2007లో ఒక సాఫ్ట్‌వేర్‌తో 50 వేల స్టేట్‌మెంట్లు పరీక్ష చేయించింది. ఎనిమిదేళ్ల వయసులో పైజమాకు చిల్లు పడేలా కాల్చుకున్న సంఘటన 234 మంది రాశారు. ముసలి తాతగారో, జబ్బుపడ్డ తాతగారో 175 స్టేట్‌మెంట్లలో కనిపించారు. నెట్‌లో దొరికే నమూనా వ్యాసాలు చదివి రాస్తే జరిగేది ఇదే. ఆ 175 మందిలో నిజంగా తాతను పోగొట్టుకున్న పిల్లలూ ఉండే ఉంటారు. అది తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. చదివేవాళ్లకు వాళ్లెవరో వీళ్లెవరో తెలిసే దారి లేదు కదా.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. “తాతగారి పేరా మొత్తం తీసేద్దాం” అని వాళ్ల నాన్నగారి ముందే టక్కున అనేశాను. ఆయన ముఖం చూశాక తెలిసింది. పోయింది ఆయన తండ్రి. ఆ మాట ముందు ఆ అమ్మాయితో విడిగా మాట్లాడి, తనే ఇంట్లో చెప్పుకునేలా చూడాల్సింది. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత రెండు మీటింగులకు రాలేదు.

పదకొండో ఎంట్రీ

ఆమ్‌కాస్‌లో వ్యాసం కాక, చేసిన పనులు రాసుకోవడానికి వేరే చోటుంది. ఎక్కువలో ఎక్కువ 15 ఎంట్రీలు, ఒక్కోదానికి 700 అక్షరాలు. తమకు బాగా విలువైనవిగా ఎంచుకున్న మూడింటికి ఇంకో 1,325 అక్షరాలిస్తారు. నేను వ్యాసం కంటే ముందు అదే చదువుతాను. పిల్లలు గొప్పగా చెప్పుకోవాలనుకునేవన్నీ వ్యాసంలో పెడతారు. చెప్పుకోదగ్గవి కావనుకున్నవి ఆ ఎంట్రీల అడుగున పడి ఉంటాయి.

ఆ అమ్మాయి పదకొండో ఎంట్రీ మూడు లైన్లు. పేషెంట్ ట్రాన్స్‌పోర్టర్, జీతం వచ్చే పని, 14 నెలలు, 1,100 గంటలు. వార్డు నుంచి స్కానింగ్‌కి, ఆపరేషన్ థియేటర్‌కి, మళ్లీ వెనక్కి పేషెంట్లను స్ట్రెచర్ మీదో వీల్‌చెయిర్‌లోనో తీసుకెళ్లడం. షాడోయింగ్ 60 గంటలకు వ్యాసంలో ఒక పేరా మొత్తం ఇచ్చింది. ఈ 1,100 గంటలకు ఒక్క మాట కూడా లేదు.

“ఎందుకు రాయలేదు?”

“అది జస్ట్ జాబ్, ఆంటీ. స్ట్రెచర్ తోయడమే కదా.”

వాళ్లమ్మ కూడా, “ఖర్చులకని చేసింది మేడమ్, అది కూడా రాస్తారా?” అన్నారు.

ఒక షిఫ్టు ఎలా మొదలవుతుందో చెప్పమన్నాను. తన అనుమతితో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేశాను. నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. అంతకుముందు గంటలో వినిపించిన గొంతుకూ దీనికీ పోలికే లేదు.

స్ట్రెచర్‌ను ఎప్పుడూ పేషెంటు కాళ్లు ముందుకు వచ్చేలా తోయాలట. లిఫ్టులోకి మాత్రం తల వైపు ముందు ఎక్కించాలి, అప్పుడు దిగేటప్పుడు మళ్లీ కాళ్లే ముందుకొస్తాయి. లిఫ్టు గుమ్మం దగ్గర నేలలో చిన్న సందు ఉంటుంది. చక్రాలు దాని మీద నుంచి వెళ్తే ఒక కుదుపు. మనకది లెక్కలోకి రాదు, తుంటి ఎముక విరిగినవాళ్లకు ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకని సందు రాకముందే, “ఇప్పుడొక కుదుపు వస్తుంది, మూడు లెక్కపెడతాను” అని చెప్పేదట. పడుకుని వెళ్లేవాళ్లకు సీలింగు, ట్యూబ్‌లైట్లు తప్ప ఏమీ కనపడవు. ఎటు వెళ్తున్నామో తెలియదు. కాబట్టి మలుపు వచ్చినప్పుడల్లా చెప్పేది. స్కానింగ్ దగ్గర చలిగా ఉంటుందని బయల్దేరే ముందే వేడి దుప్పటి కప్పేది.

ఇంకో సంగతి చెప్పింది, అది విన్నప్పుడు నేను రాసుకోవడం ఆపేశాను. లిఫ్టు కోసం ఆగినప్పుడు పేషెంట్లు ప్రశ్నలు అడుగుతారు. ఈ స్కాన్‌లో ఏం తెలుస్తుంది? రిజల్టు బాగోలేకపోతే ఏం చేస్తారు? నువ్వయితే ఆపరేషన్ చేయించుకుంటావా? వాటికి జవాబు చెప్పడానికి ట్రాన్స్‌పోర్టర్‌కు అనుమతి లేదు. “మీ నర్సుకు చెబుతాను” అనేది, వెనక్కి వచ్చాక మర్చిపోకుండా చెప్పేది. తర్వాత ఆ ప్రశ్నలను పేషెంటు పేరు, తేదీ లేకుండా జేబులో ఉండే చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేది. 14 నెలల్లో ఒక నోట్‌బుక్ నిండి రెండోది మొదలైంది.

“ఆ పుస్తకం ఎవరికైనా చూపించావా?”

“లేదు. అందులో చూపించడానికేముంది ఆంటీ, అన్నీ నాకు జవాబు తెలియని ప్రశ్నలే.”

మెడికల్ స్కూల్‌కు ఎందుకు అన్నదానికి ఇంతకంటే మంచి మొదలు ఎక్కడ దొరుకుతుంది? ఇంటికెళ్లి ఆ రికార్డింగు విని, తన మాటల్నే టైప్ చేసుకుని రమ్మన్నాను. దిద్దొద్దన్నాను. రాయడం రాదనుకునే పిల్లలతో నేను చేసే పని ఇదే, ముందు మాట్లాడించడం. చేతిలో పెన్ను ఉంటే రాని మాట నోటికి వస్తుంది.

తప్పు చెప్పాలా వద్దా

ఆ రికార్డింగులో ఇంకో సంఘటన ఉంది. పనిలో చేరిన మూడో నెలలో ఒక పెద్దాయన్ని సీటీ స్కాన్‌కు తీసుకెళ్లడానికి గదిలోకి వెళ్లింది. “మీరు ఫలానా కదండీ?” అని అడిగింది. ఆయన తలూపాడు. బయల్దేరారు. లిఫ్టులో దుప్పటి సర్దుతుంటే ఆయన మణికట్టు మీద బ్యాండ్ కనపడింది. అందులో పుట్టినతేదీ తన దగ్గరున్న కాగితంతో కలవలేదు. ఆయనకు సరిగా వినపడదు. అడిగినవాళ్లు నవ్వుతూ అడిగితే ఆయనా నవ్వుతూ తలూపుతాడు. అదే అంతస్తులో స్ట్రెచర్ వెనక్కి తిప్పి గదికి చేర్చి, ఆ షిఫ్టులో వార్డు బాధ్యత చూసే చార్జ్ నర్సుకు జరిగింది చెప్పి, ఆసుపత్రి పద్ధతి ప్రకారం రిపోర్టు రాసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అమెరికా ఆసుపత్రులకు అక్రెడిటేషన్ ఇచ్చే జాయింట్ కమిషన్ నియమం ప్రకారం పేషెంటును కనీసం రెండు గుర్తులతో సరిచూసుకోవాలి, గది నంబరు గుర్తుగా పనికిరాదు. ఆమెకు ఆ నియమం తెలుసు. “ఫలానా కదండీ” అని అడిగితే అవుననే జవాబే వస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి, “మీ పేరు చెప్పండి, పుట్టినరోజు చెప్పండి” అని అడిగి, బ్యాండ్ చూసి, తర్వాతే బ్రేకు తీస్తుంది.

ఇది వ్యాసంలో పెట్టాలా? ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆ మీటింగుకు వాళ్ల నాన్నగారు వచ్చారు. “మన తప్పు మనమే రాసి పంపితే ఎలా మేడమ్? వాళ్లకు తీసేయడానికి సాకు ఇచ్చినట్టు కాదా?”

ఆయన భయంలో అర్థముంది. తప్పుల గురించి రాసిన ప్రతి వ్యాసానికీ నేను సరే అనను. పరీక్షలో కాపీ కొట్టి దొరికిన సంగతిని అందమైన పాఠంగా మార్చుకొచ్చిన వ్యాసాన్ని వద్దన్నాను. ఆ విషయం రాయడానికి అప్లికేషన్‌లో వేరే ప్రశ్న ఉంటుంది, అక్కడ సూటిగా నాలుగు మాటల్లో రాయాలి. ఈ కేసులో నేను చూసుకున్నవి ఇవి. పేషెంటుకు హాని జరగలేదు. ఎవరూ కనిపెట్టకముందే తనే కనిపెట్టింది, దాచకుండా చెప్పింది. మర్నాటి నుంచి తన పని తీరు ఫలానా విధంగా మారిందని వేలు పెట్టి చూపించగలదు. డాక్టరుగా పనిచేసే ముప్పై నలభై ఏళ్లలో తప్పు జరగని మనిషి ఉండరు. జరిగినప్పుడు ఈ పిల్ల ఏం చేస్తుందని కమిటీలో ఎవరైనా ఆలోచిస్తే, జవాబు ఇక్కడ ఉంది. పెట్టమనే చెప్పాను. కాకపోతే ఐదారు వందల అక్షరాలు దాటకూడదు, తనను తాను తిట్టుకునే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు అన్నాను.

పేషెంటు వివరాల విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. మొదటి డ్రాఫ్టులో ఆయన వయసు 91 అని రాసింది. పేషెంట్ల సమాచారాన్ని గోప్యంగా ఉంచే హిపా చట్టం కింద పేషెంటు గుర్తింపు తెలియకుండా వివరాలు తొలగించేటప్పుడు 89 దాటిన వయసును కూడా గుర్తుపట్టే వివరంగానే చూస్తారు. 91 తీసేసి “బాగా పెద్దాయన” అని రాయించాను. గది, జబ్బు, నెల అన్నీ పోయాయి. వాటివల్ల వ్యాసానికి పోయిందేమీ లేదు.

“అయితే అక్కడే ఉండిపోవచ్చుగా?”

మూడో డ్రాఫ్టు వచ్చేసరికి చదువుతుంటే కళ్లముందు ఆ కారిడార్ కనపడింది. అయినా నాకు తృప్తి కలగలేదు. అడిగాను: “ఇంత బాగా చేస్తున్నావు కదా, ట్రాన్స్‌పోర్టర్‌గానే ఉండిపోవచ్చుగా? లేదంటే నర్సు కావచ్చు. పేషెంటు పక్కన ఎక్కువసేపు ఉండేది వాళ్లే.”

కోపమొచ్చింది తనకి. నేను కావాలనే అడిగాను. ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు మర్యాదగా అడిగే ప్రశ్నే అది. “మనుషులకు సాయం చేయాలని ఉంది” అంటే సరిపోదు, సోషల్ వర్కరూ సాయమే చేస్తారు. “సైన్సంటే ఇష్టం” అంటే ల్యాబ్‌లోనే ఉండొచ్చు. డాక్టరు మాత్రమే చేసే పని ఏమిటి, అది నీకెందుకు కావాలి? నేను చదివే వ్యాసాల్లో ఎక్కువ శాతం ఇక్కడే జారిపోతాయి.

వారం తర్వాత ఆ రెండు నోట్‌బుక్కులూ పట్టుకొచ్చింది. ప్రశ్నలన్నీ చదివి మూడు కుప్పలు చేసింది. నాకేమైంది, తర్వాత ఏం జరుగుతుంది, నేను ఏది ఎంచుకోవాలి. మొదటి రెండింట్లో చాలావాటికి నర్సులు బాగా జవాబు చెప్పడం తను చూసింది. మూడో కుప్ప మాత్రం ఎప్పుడూ ఒకే దారిన వెళ్లేది: “డాక్టరుగారు వచ్చి మాట్లాడతారు.” ఆ మాట తర్వాత ఆ గదిలో ఏం జరుగుతుందో తను ఎప్పుడూ చూడలేదు. స్ట్రెచర్ తీసుకుని వెళ్లిపోయేది.

“నాకు ఆ గదిలో ఉండాలని ఉంది ఆంటీ.”

“అయితే ముందు ఆ గది చూసి రా” అన్నాను. పాత కార్డియాలజీ షాడోయింగ్‌లో తను చూసింది ప్రొసీజర్లే. ఈసారి వార్డులో పేషెంట్లను చూసే ఒక హాస్పిటలిస్టు వెంట, పేషెంట్ల అనుమతితో, 40 గంటలు ఉంది. ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చుకోలేని ఒక కుటుంబం దగ్గరకు ఆ డాక్టరు వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా వాళ్లు చెప్పేది వినడం చూసింది. ఆ సంభాషణ అయ్యాక ఆ డాక్టరు గంటసేపు నోట్స్ టైప్ చేయడం, ఇన్సూరెన్సు వాళ్లతో ఫోన్‌లో వాదించడం కూడా చూసింది. ఆ రెండో సగాన్నీ రాయమన్నాను. డాక్టరు పనిలో విసుగు పుట్టించే భాగం చూసి కూడా కావాలంటున్న పిల్ల మాట మీద నాకు నమ్మకం కుదురుతుంది. ఎంపిక చేసేవాళ్లకూ అలాగే కుదురుతుందని నా అనుభవం.

రీసెర్చ్ పేరా రెండు వాక్యాలకు తగ్గింది. దానికి ఎంట్రీల్లో చోటుంది, ల్యాబ్ ప్రొఫెసర్ లెటర్ ఉంది. ఒకే సంగతిని మూడుచోట్ల చెప్పి అక్షరాలు ఖర్చుపెట్టడం ఎందుకు?

ఐదో డ్రాఫ్టు

ఐదో డ్రాఫ్టు చదవగానే ఏదో తేడాగా అనిపించింది. నున్నగా ఉంది. పాత వ్యాసంలాగే వంక పెట్టడానికి లేదు. అడిగితే, ఒక ఏఐ టూల్‌లో పెట్టి బాగుచేయించానంది. నాలుగో డ్రాఫ్టు, ఐదోది పక్కపక్కన పెట్టాం. నాలుగో దాంట్లో, “గుమ్మం రాకముందే కుదుపు వస్తుందని చెప్పి మూడు లెక్కపెడతాను” అన్న అర్థంలో ఒక వాక్యముంది. ఐదో దాంట్లో అదే చోట, “రోగుల సౌకర్యానికి ఎల్లప్పుడూ ప్రాధాన్యమిచ్చాను” అన్న అర్థం వచ్చే వాక్యముంది. వ్యాకరణం బ్రహ్మాండం. కుదుపు పోయింది, లిఫ్టు పోయింది, లెక్కపెట్టే పిల్ల కూడా పోయింది.

ఆమ్‌కాస్ సబ్మిట్ చేసేటప్పుడు ఒక ధ్రువీకరణ మీద ఒప్పుకోవాలి. ఆలోచనలు వెతుక్కోవడానికి, అచ్చుతప్పులు చూసుకోవడానికి, ఎడిటింగ్‌కు ఏఐ సాయం గానీ మనుషుల సాయం గానీ తీసుకున్నా, చివరికి పంపేది తమ సొంత పనికి, తమ అనుభవాలకు నిజమైన ప్రతిబింబం కావాలి. నియమం సంగతి అటుంచి, ఆ పిల్ల వాక్యమే మేలైన వాక్యం. నాలుగో డ్రాఫ్టుకు వెనక్కి వెళ్లాం. మొత్తం తొమ్మిది డ్రాఫ్టులు, పది వారాలు.

చివరి దశలో పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. ఆమ్‌కాస్ బాక్సులో సాదా టెక్స్ట్ మాత్రమే నిలుస్తుంది. కాబట్టి వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేయకుండా ఫార్మాటింగ్ తీసేసి పెట్టించాను, పేరాల మధ్య ఖాళీ సరిచూశాం. రెండోసారి అప్లై చేసేవాళ్ల పాత వ్యాసం కొన్ని స్కూళ్లు తీసి పక్కన పెట్టుకుని చూస్తాయి. అందుకే పాత వాక్యం ఒక్కటి కూడా వాడలేదు.

ఫలితం, దాన్ని ఎంతవరకు నమ్మాలి

రెండో సైకిల్‌లో జీపీఏ అదే, ఎంక్యాట్ అదే. 24 స్కూళ్లకు పంపింది. ఆరు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండుచోట్ల సీటు, ఒకచోట వెయిట్‌లిస్ట్.

ఇదంతా వ్యాసం ఘనతే అని నేను చెప్పను, చెబితే తప్పవుతుంది. మొదటి ఏడాది ఆమె అప్లికేషన్ పంపింది ఆగస్టు చివర్లో. రెండో ఏడాది జూన్ మొదటి వారంలోనే పంపింది. ఆమ్‌కాస్ ట్రాన్స్‌క్రిప్టులు సరిచూడటానికి రద్దీలో వారాల తరబడి పడుతుంది, చాలా స్కూళ్లు వచ్చినవాటిని వచ్చినట్టే చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తుంటాయి. ఆ రెండున్నర నెలల తేడా చాలా పెద్దది. స్కూళ్ల లిస్టు మార్చాం. మొదటి లిస్టులో తమ రాష్ట్రం బయటివాళ్లను దాదాపు తీసుకోని ప్రభుత్వ స్కూళ్లు ఏడున్నాయి, అవి తీసేశాం. ఏడాదిపాటు ఫుల్‌టైమ్‌గా ట్రాన్స్‌పోర్టర్ పనే చేయడంతో గంటలు బాగా పెరిగాయి. చార్జ్ నర్సు ఒక లెటర్ కూడా రాసింది.

మరి వ్యాసం పనిచేసిందని ఎలా తెలుసు? ఆరు ఇంటర్వ్యూల్లో నాలుగుచోట్ల మొదటి ఐదు నిమిషాల్లోనే నోట్‌బుక్ సంగతి అడిగారు. కొన్ని స్కూళ్లలో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఫైలంతా ఇస్తారు. కొన్నిచోట్ల మార్కులు దాచి వ్యాసం, ఎంట్రీలు మాత్రం చూపిస్తారు. అలాంటిచోట వాళ్ల చేతిలో ఉండేది ఆ పేజీన్నర, ఆ ఎంట్రీలే. ఒక ఇంటర్వ్యూలో ఒక సర్జన్ ఆమెను రిస్ట్‌బ్యాండ్ సంఘటన గురించి పావుగంట అడిగాడట: ఎవరికి చెప్పావు, ఏమన్నారు, ఆ రాత్రి నిద్ర పట్టిందా అని. తను రాసింది తనకు జరిగిందే కాబట్టి తడుముకోలేదు. మొదటి ఏడాది వచ్చిన ఒక్క ఇంటర్వ్యూలో, “మీ వ్యాసం గురించి ఇంకా చెప్పండి” అంటే తాతగారి పేరా తర్వాత ఏం చెప్పాలో తోచలేదని నాతో అంది. ఆ రెండు సంభాషణలకూ ఉన్న తేడా నాకు ఏ లెక్కకన్నా ఎక్కువ.

ఇంకోచోట అసలు ఫైలే చూడని ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతి. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మొదలైన పద్ధతి అది. గది గదికీ వెళ్లి ఇచ్చిన పరిస్థితి మీద మాట్లాడాలి. ఒక గదిలో, తోటి ఉద్యోగి పొరపాటు చేసి దాచిపెట్టాడు, నువ్వేం చేస్తావు అన్న ప్రశ్న వచ్చిందట. పది వారాలు తన తప్పు గురించి ఆలోచించి రాసిన పిల్లకు అక్కడ తడబాటు ఎందుకుంటుంది?

తాతగారి సంగతి

ఆమ్‌కాస్ వెళ్లాక ఒక్కో స్కూలూ విడిగా సెకండరీ ప్రశ్నలు పంపుతుంది. జులై మధ్యలో ఒక స్కూలు నుంచి ఇలాంటి ప్రశ్న వచ్చింది: వైద్యం అందిన తీరులో మీకు లోపం కనిపించిన ఒక సందర్భం చెప్పండి. ఆ సాయంత్రం తనే ఫోన్ చేసి, “ఇక్కడ తాతయ్య గురించి రాయొచ్చా ఆంటీ?” అని అడిగింది.

ఈసారి వాళ్ల నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాసింది. ఐసీయూలో ఆ మూడు రోజులూ ఏం జరుగుతోందో ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదని, ప్రతిసారీ “డాక్టరుగారు వచ్చి మాట్లాడతారు” అన్నారని, డాక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది అంతా అయిపోయాకేనని ఆయన చెప్పారట. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ చెయ్యి ఒక్కటే గుర్తుంది. ఆ మూడు రోజుల సంగతి ఆమె మొదటిసారి వింది.

జవాబు 1,800 అక్షరాలు. చదివి, ఒక కామా మార్చి తిరిగి పంపాను. మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. వ్యాసం గురించి ఏమీ మాట్లాడలేదు. అమ్మాయి పాత నోట్‌బుక్కులు ఇంట్లో కనపడటం లేదు, మీ ఆఫీసులో గానీ ఉండిపోయాయా మేడమ్, భద్రంగా దాచాలి అన్నారు. నా టేబుల్ సొరుగులోనే ఉన్నాయి. ఆ సాయంత్రమే వచ్చి తీసుకెళ్లారు.